ముద్రాక్షరశాల

చింతాద్రిపేట కార్పొరేషన్ పార్కులో
పొద్దున్న ఐదూ యాభైకి
మంగైయర్కరసి మేడమ్ చాప పరుస్తుంది.
"మూచ్చై ఉళ్ళే ఇళుంగ" అంటుంది.
ఊపిరి లోపలికి పీలుస్తాం.
దాంతోపాటు కూవం కూడా వస్తుంది.
ఎవరం ఏమీ అనం.

బొటనవేలి కొసకి చూపుడువేలి కొస ఆనించమంది
మొదటిరోజు. చిన్ముద్ర, అంది.
నాకు నవ్వొచ్చింది.
నలభై ఒక్క ఏళ్ళు నేను చేసిందదే కదమ్మా,
కాకపోతే ఆ రెండు వేళ్ళ మధ్య
ఒక సీసపు అక్షరం ఉండేది.

బోర్డు మీద ముద్రాక్షరశాల అని రాసుండేది గానీ
లోపల అందరం అచ్చాఫీసనే వాళ్ళం.
శుభలేఖలు, పంచాంగాలు, సినిమా పాటల పుస్తకాలు,
ఎన్నికలొస్తే రెండు పార్టీల కరపత్రాలూ ఒకే రాత్రి.
'క' ఏ గడిలో ఉందో 'క్ష' ఏ గడిలో ఉందో
వేళ్ళకి తెలుసు, నాకు తెలీదు.
ఇప్పటికీ ఎవరైనా అడిగితే
చెయ్యి గాల్లో ఆడించి చూసుకుని చెప్పాలి.
సీసానికి విరుగుడని యజమాని రోజుకో అరటిపండు ఇచ్చేవాడు.
అదే మా ఆరోగ్య పథకం.

"అంత గట్టిగా నొక్కకండి సార్,
అంటీ అంటనట్టు" అంటుంది మేడమ్.
అంటనట్టు పడితే అక్షరం జారుతుందమ్మా.
ఒకసారి కొమ్ము విరిగి, 'వు' జారి
వధువు కాస్తా వధ అని అచ్చయింది,
ఐదొందల కార్డుల మీద.
ఆ నెల జీతంలో కాగితం ఖరీదు కోశారు.

ఏకాంబరం నా పక్క చాప. మా ట్రెడిల్ మనిషి.
వాడి ఉంగరపువేలు రెండో కణుపు దాకానే.
పృథ్వీముద్ర రోజున
వాడి బొటనవేలు బయల్దేరి, వెతికి,
ఖాళీలో ఆగిపోయింది.
"నా పృథ్వి ట్రెడిల్ కింద పోయింది మేడమ్" అన్నాడు.
అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.
వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని
బొటనవేలిని వంచి ఆ మొండి మీద ఆనించింది.
"ఇక్కడా నాడి కొట్టుకుంటోంది, చూడండి."
ఆ రోజంతా వాడు నాతో మాట్లాడలేదు.

శూన్యముద్ర చెవులకి మంచిదట.
నడివేలు మడిచి బొటనవేలి కింద.
సున్న, అనుకున్నాను మనసులో.
మా కేసులో అన్నిటికన్నా ముందు అరిగేది సున్నే,
ఎన్ని పోత పోయించినా చాలేవి కావు.
నా ఎడమ చెవిలో ఇంకా ఒక ట్రెడిల్ ఆడుతుంటుంది.
మూడు నెలలైంది ఈ ముద్ర పట్టి. ఆగలేదు.
కాని ఇప్పుడు
అది ఏం అచ్చేస్తోందో విందామనిపిస్తుంది.

మొన్న రేషన్ షాపులో మిషను మీద వేలు పెట్టాను.
వేలిముద్ర పడలేదు.
లుంగీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను.
చూపుడువేలు. నడివేలు. ఎడమచెయ్యి.
"రేగై తేంజు పోచు, పెరియవరే" అన్నాడు కుర్రాడు.
రేఖలు అరిగిపోయాయట.
అరగవూ మరి!
సంచీ ఖాళీగా మడిచి చంకలో పెట్టుకుని
ఎండలో నడుస్తుంటే
రెండు వేళ్ళూ వాటంతటవే కలుసుకున్నాయి.
ఈసారి అంటీ అంటనట్టే.

చివర్న శవాసనం. నాకు బాగా వచ్చింది ఇదొక్కటే.
అచ్చు ముగిశాక ఫారం విప్పి
కిరసనాయిలుతో కడిగి
ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాళ్ళం.
పడుకుని అదే చేస్తాను.
మోకాలి నొప్పి దాని గడిలో.
రేషను కుర్రాడు వాడి గడిలో.
జీతంలో కోసిన కాగితం ఖరీదు,
ముప్ఫై ఏళ్ళయినా, దాని గడిలో.
అరచేతులు వెల్లకిలా.

ఒక్క అక్షరం మాత్రం రోజూ మిగిలిపోతుంది.
ఏ గడిదో తెలీదు.
తిరగేసే ఉంటుంది, నాకలాగే చదవడం అలవాటు.
చదవబోతాను.
ఈలోపు ఏకాంబరం గురక మొదలవుతుంది,
"మెదువా ఎళుందిరింగ" అంటుంది మేడమ్,
మెల్లగా, ఒక పక్కకి తిరిగి
లేస్తాం.